బాలప్ప రెండో కిడ్నీ

పుంగనూరులో బాలప్ప ఇంటికి ఇన్‌స్పెక్టర్ ప్రమీల చేరేసరికి ఉదయం తొమ్మిదీ నలభై అయింది. బాలప్ప భార్య రాములమ్మ ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేసింది. ప్రమీల చెప్పులు వాకిట్లో విడిచి కూర్చుని, ముందుగా ఒక మాట చెప్పింది.

"నీ కేసు కొట్టెయ్యడానికి రాలేదు బాలప్పా. నీ కిడ్నీ ఏమైందో తెలుసుకోవడానికి వచ్చాను. తెలిసింది చెప్పు. తెలియనిదాన్ని తెలియదను. అంతకుమించి నాకేమీ వద్దు."

బాలప్ప తలూపాడు. అతనికి నలభై ఎనిమిదేళ్ళు. మూడేళ్ళ కిందటి దాకా టమోటా లారీలకు బుట్టలు ఎత్తిన మనిషి. ఇప్పుడు ఒక ప్రైవేటు స్కూల్లో వాచ్‌మన్.

కేసు కాగితాల్లో ఉన్నది ఇంతే. 2022 జూన్ పదిహేడున కుప్పంలో లారీ మీంచి పడితే బాలప్ప కడుపులో ఎడమవైపు ప్లీహం చితికింది. డాక్టర్ ప్రేమానందం తన నర్సింగ్ హోమ్‌లో ఆపరేషన్ చేసి ప్లీహం తీసేసి ప్రాణం నిలబెట్టాడు. పోయిన నెల ఉచిత వైద్య శిబిరంలో కడుపునొప్పి అని చెబితే, మదనపల్లెలో కిరణఛాయ అనే స్కాన్ సెంటర్‌కు పంపారు. సీటీ స్కాన్‌లో ఎడమ కిడ్నీ లేదు. రెండు రోజుల తర్వాత అదే సెంటర్ వాళ్ళు తమ పాత ఫైళ్ళు వెతికి బాలప్ప పేరుతోనే ఇంకో స్కాన్ బయటపెట్టారు. తేదీ 2022 జూన్ పద్నాలుగు, అంటే ఆపరేషన్‌కు మూడు రోజుల ముందు. కడుపునొప్పికి తీసినట్టు రాసి ఉన్న ఆ స్కాన్‌లో కిడ్నీలు రెండూ ఉన్నాయి.

మర్నాడే బాలప్ప పేరుతో ఫిర్యాదు, ఆ మర్నాడు టీవీల్లో వార్త, ఆ సాయంత్రం నర్సింగ్ హోమ్ అద్దాల మీద రాళ్ళు. అరవై ఒక్కేళ్ళ ప్రేమానందం జైలుకు పోయి ఇవాళ్టికి తొమ్మిది రోజులు. ఆయన భార్య కోర్టుకు వెళ్తే కేసు సి.ఐ.డి.కి, అక్కడి నుంచి ప్రమీల చేతికి వచ్చింది.

"ఆ గుండ్రటి మిషన్లో నిన్ను ఎన్నిసార్లు పడుకోబెట్టారప్పా?" అని అడిగింది ప్రమీల.

"రెండుసార్లు మేడమ్. క్యాంపు పెట్టినప్పుడు ఒకసారి. పోయిన వారం కోర్టోళ్ళు సెప్పినారని మదనపల్లె మిషనరీ ఆసుపత్రిలో ఒకసారి."

"2022లో?"

బాలప్ప భార్య వైపు చూశాడు. "తీసినామని స్కాన్ సెంటరోళ్ళు సెప్పినారు. నాకు గుర్తు లేదు. లారీ మింద నుంచి పడినాక శానా సంగతులు మర్సిపోయినానని వాళ్ళే అన్న్యారు."

"మిషనరీ ఆసుపత్రిలో చేతికి సూది వేశారా?"

"ఏసినారు. ఏసినాక ఒళ్ళంతా ఉడుకునీళ్ళు పోసినట్టు అయిపాయ." గొంతు తగ్గించాడు. "గుడ్డల్లోనే పోసుకున్న్యానేమో అని సిగ్గుతో సచ్చిపోతి. డాక్టరమ్మ నవ్వి, ఆ మందు కతే అంత, అందరికీ అట్లే ఉంటాది అనె."

"అలా అంతకుముందు ఎప్పుడైనా అయిందా?"

"అట్లాంటిది ఒకసారి అయితే మనిషి మర్సిపోతాడా మేడమ్?"

ప్రమీల నోట్‌బుక్ తీసి రాసుకుంది. 2022 నాటిదని చెబుతున్న స్కాన్‌లో రక్తనాళాలన్నీ తెల్లగా వెలిగి ఉన్నాయి. సూది మందు ఎక్కించకుండా అలా రాదు. ఆ సూది వేస్తే ఒళ్ళు వేడెక్కక మానదు.

రాములమ్మ అప్పటిదాకా గడప దగ్గరే నిలబడి ఉంది. "అమ్మా, ఆ డాక్టరు ఆ పొద్దు రాత్రంతా నిద్ర పోకుండా మమ్మల్ని సూసుకున్న్యాడు. ఈయన బతికేదానికి ఆయనే కారణం. అట్లాంటోడు దొంగతనం సేస్తాడా అని నేను అడిగితే, మా వాళ్ళే నన్ను తిట్టినారు. నాకు ఎవర్ని నమ్మల్లో తెలీకుండా ఉండాది."

ఆమెకు ప్రమీల జవాబు చెప్పేలోపు బయట జీపు ఆగింది. ప్రేమానందాన్ని అరెస్టు చేసిన ప్రత్యేక బృందానికి పెద్ద, సి.ఐ. గోవిందరాజులు లోపలికొచ్చాడు. టైము పదీ ఇరవై ఐదు.

"నా సాక్షితో నాకు తెలీకుండా మాట్లాడతాండారే మేడమ్."

"మీ సాక్షి కాదు సార్. నిన్నటి నుంచి కోర్టు సాక్షి. ఆర్డర్ కాపీ మీ ఆఫీసులో ఇచ్చి వచ్చాను."

"చదివినాను." ఆయన కూర్చోలేదు. "మేడమ్, ఇది కష్టమైన కేసేమీ కాదు. రెండు కిడ్నీలు ఉండే స్కాన్ నా దగ్గర ఉండాది. ఒక్కటే ఉండే స్కాన్ ఉండాది. ఆ రెండిటి నడాన కత్తి పట్టుకున్నోడు ఒక్కడే. ఇంకేం కావాల?"

"ఆ మొదటి స్కాన్ బాలప్పదేనని రుజువు."

"పేరు ఉండాది. వయసు ఉండాది. తేదీ ఉండాది."

"అవన్నీ టైపు చేసేవే కదా సార్."

గోవిందరాజులు మొహం గట్టిపడింది. "నేను పదకొండు మంది వాంగ్మూలాలు తీసినాను. మీరు వచ్చి ఒక్క పూట అయింది."

"ప్రేమానందం గారు రాసిన ఉత్తరం చూశారా? తనకు తెలియకుండానే కిడ్నీ పోగొట్టుకున్న ఒక మనిషిని పరీక్షించానని, వివరాలు స్వయంగా వచ్చి చెబుతానని వైద్యశాఖ పై అధికారులకు రాశారు. వాళ్ళు విచారణ తేదీ కూడా ఇచ్చారు. ఆ తేదీకి నాలుగు రోజుల ముందు మీరు ఆయన్ను అరెస్టు చేశారు."

"దొంగ ముందే అరిసినాడు, అంతే. ఇట్లాంటివి నేను శానా సూసినా." ఆయన వాచీ చూసుకున్నాడు. "కుప్పం పోతాండా. ఆయన నర్సింగ్ హోమ్‌లో ఇంకా సోదా బాకీ ఉండాది. మీకేమన్నా దొరికితే ఫోన్ చేయండి."

జీపు పది యాభైకి కుప్పం దారి పట్టింది. ప్రమీల మదనపల్లెకు బయలుదేరింది.

*

మిషనరీ ఆసుపత్రి దగ్గర రేడియాలజిస్టు స్నేహ కారెక్కింది. పోయిన వారం బాలప్పకు స్కాన్ తీసింది ఆవిడే. ముప్పై దాటిన మనిషి, మాటలు తక్కువ, కోర్టు పని అంటే కొంచెం బెదురు కూడా ఉంది. ఇద్దరూ కిరణఛాయ స్కాన్ సెంటర్ మెట్లెక్కేసరికి పన్నెండు కావస్తోంది.

మేనేజర్ పురుషోత్తం లేడు. తిరుపతి వెళ్ళాడని కౌంటర్లో అమ్మాయి చెప్పింది. స్కాన్లు తీసే టెక్నీషియన్ మధుసూదన్ మాత్రం ఉన్నాడు. శుభ్రంగా ఇస్త్రీ చేసిన చొక్కా, వినయంగా నిలబడే అలవాటు. ప్రమీల అడిగిందల్లా తీసి ఇచ్చాడు. కంప్యూటర్ ముందు కుర్చీ లాగి స్నేహకు వేశాడు.

"మొదట మీరు తీసింది చూపించండి డాక్టర్," అంది ప్రమీల.

స్నేహ సీడీ పెట్టి, తెర మీద బాలప్ప పొట్టను అడ్డంగా కోసిన పొరలు ఒక్కొక్కటే కిందికి జరిపింది. వెన్నెముక ముందు గుండ్రంగా తెల్లటి చుక్క.

"ఇది గుండె నుంచి కిందికి దిగే పెద్ద ధమని. కుడిపక్క చూడండి, దీంట్లోంచి ఒక కొమ్మ కుడి కిడ్నీకి పోతోంది. ఎడమ కిడ్నీని ఆపరేషన్ చేసి తీసేసి ఉంటే, ఎడమ కొమ్మను మొదట్లో కట్టేసి కోస్తారు. చెట్టు కొట్టేస్తే మోడు మిగిలినట్టు ఆ మొదలు మిగులుతుంది. ఇక్కడ మోడు లేదు. గోడ నున్నగా ఉంది."

"అంటే?"

"అక్కడ కొమ్మ ఎప్పుడూ మొలవలేదు." స్నేహ ఇంకో పొర దగ్గర ఆగింది. "ఇంకొకటి చూడండి. కిడ్నీ పైన టోపీలా చిన్న గ్రంథి ఉంటుంది, అడ్రినల్. కుడిపక్కది మామూలుగా చీలి, వంగి ఉంది. ఎడమది చూడండి, పట్టీ పరిచినట్టు తిన్నగా పడుకుంది. తల్లి కడుపులోనే కిడ్నీ ఏర్పడకపోతే ఆ గ్రంథి అలా పెరుగుతుంది. పెద్దయ్యాక కిడ్నీ తీస్తే అలా మారదు."

"కోర్టులో చెప్పగలరా?"

స్నేహ ఆ పొరను ఇంకోసారి చూసుకుంది. "చెప్పగలను. బాలప్ప ఒక్క కిడ్నీతోనే పుట్టాడు. వెయ్యి, రెండువేల మందిలో ఒకరు అలా ఉంటారు. చాలామందికి బతికినంతకాలం తెలియనే తెలియదు."

ప్రమీల వెనక్కి తిరిగి చూసింది. మధుసూదన్ చేతులు కట్టుకుని గోడకు ఆనుకున్నాడు. ఏసీ గదిలో అతని మెడ తడిగా ఉంది.

"ఇప్పుడు వీళ్ళిచ్చిన పాతది పెట్టండి."

రెండో సీడీ తెరుచుకుంది. తెర పై మూలన బాలప్ప పేరు, వయసు, 2022 జూన్ తేదీ; కింది మూలన చిన్న అక్షరాల్లో మిషన్ మోడల్ నంబరు. స్నేహ నాలుగు పొరలు చూసి చెయ్యి ఆపేసింది.

"మేడమ్, ఇది కడుపునొప్పికి తీసిన స్కాన్ కాదు."

"మరి?"

"పొర మందం చూడండి. మిల్లీమీటరు కూడా లేదు. సూదిమందు ధమనుల్లోకి చేరిన ఆ కొద్ది సెకన్లలోనే తీశారు. ఒక్కో కిడ్నీకి ఎన్ని ధమనులున్నాయో, ఎంత పొడవున్నాయో లెక్క పెట్టడానికి ఇలా తీస్తారు. మా దగ్గర ఏడాదికి రెండో మూడో వస్తాయి, తమ్ముడికో భర్తకో కిడ్నీ ఇవ్వడానికి ఒప్పుకున్నవాళ్ళవి. కిడ్నీ దాతకు తీసే స్కాన్ ఇది."

ప్రమీల లేచింది. ఇంక తెర వైపు చూడలేదు. సీసం తలుపు తోసుకుని స్కాన్ మిషన్ ఉన్న గదిలోకి వెళ్ళింది. మిషన్ చుట్టూ ఒకసారి తిరిగింది. వెనకవైపు, నేలకు జానెడు ఎత్తున రేకు ముక్క మీద మోడల్ నంబరూ తయారైన సంవత్సరమూ చెక్కి ఉన్నాయి. మోకాలు నొప్పి పెడుతున్నా కూర్చుని, టార్చి వేసి చదివి, ఫోటో తీసుకుంది. బయటికొచ్చి తలుపు పక్కన అద్దం కట్టి వేలాడదీసిన రేడియేషన్ అనుమతి పత్రం చదివింది. దానికీ ఫోటో తీసింది. పన్నెండూ యాభైకి మధుసూదన్‌కు ఎదురుగా వచ్చి కూర్చుంది.

"ఈ మిషన్ ఎప్పుడొచ్చిందప్పా?"

"శానా రోజులైంది మేడమ్."

"ఎన్ని రోజులు?"

"నాలుగైదేండ్లు ఉంటాది."

"అంతకుముందు వేరే మిషన్ ఉండేదా?"

"చిన్నది ఉండె. పాతది."

"బాలప్పకు 2022లో దేని మీద తీశావు?"

మధుసూదన్ తెర వైపు చూశాడు. ఏ జవాబు మంచిదో వెతుకుతున్నట్టుంది. "దీని మీదే మేడమ్."

"అవును. తెర కింది మూలలో ఈ మిషన్ మోడల్ నంబరే ఉంది. పేరు మార్చావు, వయసు మార్చావు, తేదీ మార్చావు, ఆ నంబరు మార్చడం మర్చిపోయావు." ఆమె ఫోన్‌లో ఫోటోలు అతని ముందుకు జరిపింది. "ఈ మిషన్ తయారైంది 2023లో. మీకు అనుమతి వచ్చింది 2024 ఫిబ్రవరిలో. ఇంకా పుట్టని మిషన్ 2022లో ఫోటో ఎట్లా తీసింది?"

బయట కౌంటర్లో ఎవరో టోకెన్ నంబరు పిలుస్తున్నారు.

"తొమ్మిది రోజులుగా ఒక ముసలాయన జైల్లో ఉన్నాడు," అంది ప్రమీల. గొంతు పెంచలేదు. "అది ఒక కేసు. కానీ నేను అడగబోయేది దాని గురించి కాదు. ఈ రెండు కిడ్నీల మనిషి ఎవరు?"

అతను కూర్చున్నచోటే వంగిపోయాడు. మోకాళ్ళ మీద మోచేతులు ఆనించి, మొహం రుద్దుకున్నాడు.

"పురుషోత్తం సారే సెప్పినాడు మేడమ్. రెండు కిడ్నీలూ బాగుండే మగమనిషి స్కాన్ ఒకటి ఫైళ్ళలో నుంచి తీసి బాలప్ప పేరు పెట్టమన్న్యాడు. రిజిస్టర్లో ఉండేది తీస్తే ఎవురన్నా కనుక్కుంటారని, రిజిస్టర్లో రాయనిది ఒకటి తీస్తి."

"రిజిస్టర్లో రాయని స్కాన్లు ఎందుకున్నాయి?"

"అవి వేరే. సార్ పంపించేవి. ఫ్యాక్టరీలో ఉద్యోగం ఇప్పిస్తామని పిలుస్తారు. మెడికల్ టెస్టు అని స్కాన్ తీపిస్తారు. నాకు అంతే తెలుసు."

"టెస్టు అయ్యాక వాళ్ళకు ఏం చెబుతారు?"

"కిడ్నీలో రాయి ఉండాది అని. ఆపరేషన్ ఉచితంగా చేపిస్తాము, రాయి తీపిచ్చుకోని చేరు అని."

స్నేహ తెర దగ్గరి నుంచి ఇటు తిరిగింది. "ఈ కిడ్నీల్లో ఎక్కడా రాయి లేదు. ఆవగింజంత కూడా లేదు."

"తెలుసు మేడమ్," అన్నాడు మధుసూదన్. "స్కాన్ నేనే తీసినా కదా."

ప్రమీల కలం పక్కన పెట్టింది. ఇప్పుడు ఆమెకు వరస తెలిసింది. శిబిరం నుంచి వచ్చిన బాలప్ప ఒంటి కిడ్నీ మనిషని వీళ్ళకే మొదట తెలిసింది. అతని పొట్ట మీద కత్తి గాటు ప్రేమానందం పెట్టింది. ఉత్తరం రాసి తమ గుట్టు బయటపెట్టబోతున్న డాక్టర్ని దొంగను చేయడానికి అంతకంటే మంచి మనిషి దొరకడు. ఒక్కటే తక్కువైంది, పాత స్కాన్. దాన్ని ఈ కుర్చీలో కూర్చుని తయారు చేశారు.

"పేరు?"

"మునిశేఖర్. ఊరు సోమల. ఇరవై తొమ్మిదేండ్లు. స్కాన్ తీసి పదకొండు రోజులు అవుతాంది." మధుసూదన్ ఫోన్ తీసి ఒక నంబరు చూపించాడు. "ఇంగో మాట మేడమ్. సార్ తిరుపతి పోలేదు. నిన్న ఆ సీడీ ఇంగో కాపీ అడిగినాడు. ఈ పొద్దు రెండు గంటలకు ఆపరేషన్ అన్న్యాడు."

గోడ మీద గడియారంలో ఒంటిగంటా ఇరవై రెండు.

ప్రమీల ఆ నంబరుకు ఫోన్ చేసింది. నాలుగో రింగుకు ఆడమనిషి ఎత్తింది. మునిశేఖర్ భార్యనని, పేరు హరిత అని చెప్పింది. వెనక ఎక్కడో చిన్నపిల్ల ఏడుస్తోంది.

"ఆయన లేడమ్మా. పొద్దున ఏడుకే కారు వచ్చింది. కుప్పంలో రాయి తీపిచ్చుకోను పోయినాడు. ఫోను ఇంట్లోనే పెట్టి రమ్మని సెప్పినారంట. మీరు కంపెనీ మేడమా? సోమవారం డ్యూటీలో చేరమన్న్యారు, ఆపరేషన్ అయినాక రెండు రోజులు లేటుగా వస్తే ఏమన్నా అంటారా?"

"ఏమీ అనరమ్మా," అంది ప్రమీల. "కుప్పంలో ఏ ఆసుపత్రి?"

"పేరు తెలీదు. క్రిష్ణగిరి రోడ్డులో కొత్తగా పెట్టినారంట, ఇంకా బోర్డు గూడా ఎయ్యలేదంట."

మదనపల్లె నుంచి కుప్పం రెండున్నర గంటల దారి. ప్రమీల ఇంకేమీ ఆలోచించకుండా గోవిందరాజులుకు ఫోన్ చేసింది. స్పీకర్ పెట్టి బల్ల మీద ఉంచింది.

"చెప్పండి మేడమ్," అన్నాడాయన. "సోదా నడుస్తాంది."

"అక్కడి నుంచి క్రిష్ణగిరి రోడ్డుకు ఎంతసేపు?"

"పది నిమిషాలు. యాల, ఏమైంది?"

ఆమె చెప్పింది. నాలుగు వాక్యాల్లో ముగించింది.

"మేడమ్, మీరు చెప్పేది నిజమైతే నా కేసు మొత్తం పోయినట్టే."

"అవును."

"అబద్ధమైతే, వారెంట్ లేకుండా ఆపరేషన్ థియేటర్లోకి దూరినానని నా ఉద్యోగం పోతాది."

"తలుపు తట్టడానికి వారెంట్ అక్కర్లేదు సార్. మునిశేఖర్ అనే మనిషిని పిలవండి. నీకు రాయి ఉందని ఎవరు చెప్పారని ఒక్క ప్రశ్న అడగండి. అది అబద్ధమైతే మీకంటే ముందు నేను రాజీనామా ఇస్తాను." ఆమె గడియారం చూసింది. "ఒకటీ ముప్పై ఒకటి. మీరు ఇంకా నాతో మాట్లాడుతూనే ఉన్నారు."

"ఆ స్కాన్ దొంగదని మీకెట్లా తెలిసింది?"

"మిషన్ వెనక తయారైన సంవత్సరం రాసి ఉంది. 2023."

గోవిందరాజులు ఊపిరి వదలడం వినిపించింది. "ఆ రూములో నేను రెండుసార్లు నిలబడినాను," అన్నాడు. జీపు స్టార్ట్ చేయమని ఎవరితోనో చెప్పాడు. ఫోన్ కట్ అయింది.

కౌంటర్ అమ్మాయి భోజనానికి వెళ్ళొచ్చా అని అడిగి, ఎవరూ పలక్కపోతే వెళ్ళిపోయింది. మధుసూదన్ ఒకసారి నీళ్ళు తాగాడు. స్నేహ మునిశేఖర్ స్కాన్‌ను మళ్ళీ మొదటి నుంచి చివరిదాకా చూసింది, ఎక్కడైనా తను పొరబడిందేమోనని. పొరబడలేదు.

ఒకటీ యాభై ఎనిమిదికి ఫోన్ మోగింది.

"దొరికినాడు," అన్నాడు గోవిందరాజులు. "మునిశేఖర్ దొరికినాడు మేడమ్. నడుం పక్క గొరిగి, పచ్చగౌను తొడిగి, సెలైన్ పెట్టి థియేటర్ బయట పండబెట్టినారు. బాగుండాడు. పురుషోత్తం కిటికీలోంచి దూకినాడు, మావాళ్ళు పట్టుకున్నారు. ఆపరేషన్ చేసేవాడు వెనక గేటు నుంచి కారెక్కినాడు, నంబరు తీసుకున్నాము."

ప్రమీల కళ్ళు మూసుకుని తెరిచింది. "మునిశేఖర్‌తో వాళ్ళావిడకు ఫోన్ చేయించండి సార్. భయపడనీకుండా చెప్పమనండి."

"చేయిస్తాను. మేడమ్, పక్క రూములో ఇంగొకడు ఉండాడు."

"ఎవరు?"

"గంగులప్ప అంట. పెద్దపంజాణి పక్క పల్లె. పొద్దున్నే అయిపోయింది ఇతనికి. నడుముకు కట్టు ఉండాది. ఇప్పుడే మత్తు దిగతాంది."

ప్రమీల మధుసూదన్ వైపు చూసింది. అతను అప్పటికే కంప్యూటర్ ముందుకు జరిగి, రిజిస్టర్లో లేని స్కాన్లన్నీ ఒకటొకటిగా తెరుస్తున్నాడు. చివరిదాకా పోయి, మళ్ళీ మొదటికొచ్చి, తల అడ్డంగా ఊపాడు.

"గంగులప్పకు నేను స్కాన్ తీయలేదు మేడమ్. నా పిల్లల మీద ఒట్టు. ఇది మా మిషన్ కాదు."

ఆ మాట ఫోన్‌లో అవతలికి కూడా వినిపించి ఉండాలి. గోవిందరాజులు గొంతు బాగా తగ్గించాడు.

"మేడమ్, ఇతను నా చెయ్యి పట్టుకోని ఇడిసిపెట్టడం లేదు. నన్ను డాక్టర్ అనుకుంటాండాడు. రాయి సీసాలో ఏసిస్తామన్న్యారు, యాడుండాది సార్ అని అడగతాండాడు. ఏమని చెప్పేది?"

"నేను వచ్చేదాకా ఏమీ చెప్పద్దు. నేనే చెప్తాను. స్కాన్ ఎక్కడ తీయించుకున్నాడో ఒక్కటి అడగండి."

గోవిందరాజులు అడిగాడు. ఫోన్‌ను అతని నోటి దగ్గర పెట్టినట్టున్నాడు. మత్తులో నాలుక తిరక్కపోయినా గంగులప్ప మాట గదిలో ముగ్గురికీ స్పష్టంగానే వినిపించింది.

"పలమనేర్లో సార్. మా ఊరోళ్ళం పదమూడు మందిమి ఒగే వ్యాన్లో పోయినాము. అందరికీ రాళ్ళు ఉండాయన్న్యారు."